సున్నా పన్ను తర్వాత తొలి సప్రెసర్: ఏ తూటాకు ఏది నప్పుతుంది?

క్లుప్తంగా

అమెరికాలో సప్రెసర్, అంటే తుపాకీ మూతికి బిగించి చప్పుడు తగ్గించే గొట్టం, కొన్నప్పుడు కట్టాల్సిన 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు. కొన్నాక మార్చుకోవడం కష్టమైన వస్తువు కాబట్టి ధర కన్నా ముందు చూడాల్సినవి మూడు: రంధ్రం కొలత, తట్టుకునే ఒత్తిడి, బ్యారెల్ మరలు. ఎక్కువగా కాల్చేది .22 (చుక్క అంకె గుండు మందం, అంగుళాల్లో) అయితే రిమ్‌ఫైర్, అంటే .22 లాంటి చిన్న తూటాల సప్రెసర్, రైఫిలే ప్రధానమైతే .30 సప్రెసర్. చాలామందికి ఈ రెండింటిలో ఒకటి సరిపోతుంది. పిస్తోలుతో మొదలుపెడితే పైఖర్చులు ఎక్కువ. వీసా మీద ఉన్నవారు వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన విషయం వేరే ఉంది.

సైలెన్సర్ అన్న పేరు

మన దగ్గర సైలెన్సర్ అంటే బండికి ఉండేదే. బుల్లెట్ బండికి మోత సైలెన్సర్ బిగించుకుని తిరిగే కుర్రాళ్లు, వాటిని ఊడబీకి రోడ్డు రోలర్ కింద తొక్కించే ట్రాఫిక్ పోలీసులు గుర్తొస్తారు. తుపాకీ సైలెన్సర్‌దీ అదే వంశం. హైరమ్ పెర్సీ మాగ్జిమ్ అనే అమెరికన్ 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంట్ పొందాడు. ఇంజిన్ల మోత తగ్గించే పరికరాల మీదా పనిచేశాడు. మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాగ్జిమ్ ఈయన తండ్రే. తండ్రి పుట్టించిన మోతకు కొడుకు విరుగుడు వెతికాడన్నమాట.

అమెరికా చట్టంలో ఈ వస్తువు పేరు ఇప్పటికీ సైలెన్సరే. వాడేవాళ్లు మాత్రం సప్రెసర్ అంటారు. అది చప్పుడును చంపదు, అణుస్తుంది అంతే. సినిమాల్లో విలన్ తుపాకీ ‘ఫుట్’మని గాలి వదిలినట్టు మోగడం చూసి అదే నిజమనుకుని కొన్నవాళ్లు మొదటి రోజే నిరాశపడతారు.

ఒక్క చప్పుడులో మూడు

తుపాకీ పేలినప్పుడు చెవికి ఒకే చప్పుడులా వినిపించినా అందులో మూడు కలిసి ఉంటాయి. మందు కాలి పుట్టిన వాయువు విపరీతమైన ఒత్తిడితో బ్యారెల్ మూతి నుంచి ఒక్కసారిగా బయటపడటం మొదటిది. గుండు ధ్వని కన్నా వేగంగా వెళ్తుంటే గాలిలో పుట్టే ఠప్పుమనే శబ్దం రెండోది. తుపాకీలోని లోహపు భాగాలు వెనక్కీ ముందుకీ కొట్టుకోవడం మూడోది. సప్రెసర్ పని మొదటిదానితోనే. లోపల గదులు గదులుగా ఉన్న గొట్టంలో వాయువు వ్యాపించి, కాస్త చల్లబడి, నెమ్మదిగా బయటికి వస్తుంది. ప్రెషర్ కుక్కర్ మూత ఊడి ఎగిరిపోవడానికీ, విజిల్ సందులోంచి ఆవిరి పోవడానికీ ఉన్నంత తేడా అది.

ఏఆర్-15 తరహా 5.56 ఎంఎం రైఫిల్ మూతి దగ్గర శబ్దం సుమారు 165 డెసిబెల్స్. .22 రైఫిల్‌ది 140 ప్రాంతంలో ఉంటుంది. సప్రెసర్లు మామూలుగా 20 నుంచి 35 డెసిబెల్స్ వరకు తగ్గిస్తాయి. వినడానికి చిన్న అంకెలా ఉన్నా, ప్రతి 10 డెసిబెల్స్‌కు శబ్ద శక్తి పది రెట్లు మారుతుంది. 30 తగ్గిందంటే వెయ్యో వంతుకు దిగినట్టే. ఒక్కసారిగా పేలే శబ్దాలకు అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పెట్టుకున్న హద్దు 140 డెసిబెల్స్. 5.56 రైఫిల్‌కు సప్రెసర్ పెట్టినా లెక్క ఆ హద్దు దరిదాపుల్లోనే తిరుగుతుంది కాబట్టి చెవులకు మఫ్స్ తీసేయకూడదు.

రెండో చప్పుడుకు విరుగుడు సప్రెసర్‌లో లేదు, తూటా ఎంపికలో ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ధ్వని వేగం సెకనుకు సుమారు 1,125 అడుగులు. అంతకన్నా మెల్లగా వెళ్లే తూటాలను సబ్‌సోనిక్ అంటారు. .45 పిస్తోలు గుండు 230 గ్రెయిన్లది (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న కొలత) మామూలుగా 850 అడుగుల దగ్గరే ఉంటుంది కాబట్టి అది పుట్టుకతోనే సబ్‌సోనిక్. 9 ఎంఎంలో 115 గ్రెయిన్ల తేలిక గుండు హద్దు దాటుతుంది, 147 గ్రెయిన్ల బరువు గుండు దాటదు. 5.56 గుండు మూడు వేల అడుగుల ప్రాంతంలో దూసుకుపోతుంది, దాని ఠప్పును ఏ సప్రెసరూ ఆపలేదు. చలి కూడా ఈ లెక్క మారుస్తుంది. సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోయే మిన్నెసోటా చలికాలంలో ధ్వని వేగం 1,045 అడుగులకు పడిపోతుంది. వేసవిలో నిశ్శబ్దంగా వెళ్లిన 1,070 అడుగుల .22 తూటా అక్కడ జనవరిలో ఠప్పుమంటుంది. సప్రెసర్ పాడైందనుకుని కంగారు పడాల్సిన పనిలేదు.

పన్ను పోయింది, కాగితాలు మిగిలాయి

1934లో వచ్చిన నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ మెషిన్ గన్‌లతో పాటు సైలెన్సర్లనూ పట్టుకుంది. చేతులు మారిన ప్రతిసారీ 200 డాలర్లు కట్టాలంది. ఇవాళ్టి విలువలో అది 4,500 డాలర్ల పైమాటే. అంటే పన్ను పేరుతో పెట్టిన నిషేధం. ధరలు పెరుగుతూ వచ్చినా ఆ 200 అంకె మారలేదు కాబట్టి కాలం గడిచేకొద్దీ అదే చవకైపోయింది. 2021 నాటికి రిజిస్టరైన సప్రెసర్లు 26 లక్షలు దాటాయి.

2025 మేలో ప్రతినిధుల సభ ఆమోదించిన బడ్జెట్ బిల్లు సప్రెసర్లను ఆ చట్టం నుంచి పూర్తిగా తీసేసింది. సెనేట్‌కు వచ్చేసరికి, బడ్జెట్ బిల్లులో డబ్బుకు సంబంధించినవే ఉండాలన్న బర్డ్ నిబంధన అడ్డొచ్చింది. చివరికి 2025 జులై 4న సంతకమైన చట్టంలో మిగిలింది పన్ను సున్నా చేయడం ఒక్కటే. రిజిస్ట్రేషన్ కదల్లేదు. ఇప్పటికీ లైసెన్సున్న డీలర్ ద్వారా ఫారం 4 అనే దరఖాస్తు పెట్టాలి, వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి, ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చేదాకా ఆగాలి. డీలర్ దగ్గర కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

రాష్ట్రాల సంగతి వేరు. 42 రాష్ట్రాల్లో పౌరులు ఉంచుకోవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, డెలవేర్, హవాయి రాష్ట్రాల్లో కుదరదు. కనెక్టికట్‌లో ఉంచుకోవచ్చు గానీ దానితో వేటాడకూడదు. తక్కువ ధర రైఫిల్ సప్రెసర్లకు పేరున్న యాంకీ హిల్ మెషిన్ కంపెనీ ఉన్నది మసాచుసెట్స్‌లో. అక్కడ తయారైనదాన్ని పక్కింటాయన కొనుక్కోలేడు.

దీనిమీద వాదన పాతదే. వేటగాళ్లు, షూటింగ్ క్లబ్బులు వినికిడి రక్షణ అంటారు. ఫిన్లాండ్, నార్వేల్లో వేటకు సప్రెసర్ వాడటం మామూలు విషయమని చూపిస్తారు. వ్యతిరేకులు 2019లో వర్జీనియా బీచ్‌లో 12 మంది బలైన కాల్పుల్లో సప్రెసర్ వాడారని గుర్తుచేస్తారు. ఫిన్లాండ్, నార్వేలతో పోలిక చెప్పేటప్పుడు అక్కడ తుపాకీ లైసెన్సు దొరకడమే కష్టమన్న సంగతి ఎక్కువగా వదిలేస్తారు.

కొనేవాడికి ఇందులోంచి తేలేది ఒకటి. సప్రెసర్‌ను పాత సెల్‌ఫోన్‌లా మరొకరికి అమ్మేయలేం. కొనేవాళ్లు మళ్లీ అంతే కాగితాలు పెట్టాలి, ఆగాలి. అందుకే సెకండ్ హ్యాండ్ మార్కెట్ చాలా చిన్నది, ధర బాగా పడిపోతుంది. తొలిసారి తప్పు కొంటే అది జీవితాంతం అలమారాలో కూర్చుంటుంది.

రంధ్రం, ఒత్తిడి, మరలు

పెద్ద రంధ్రం ఉన్న సప్రెసర్‌లోంచి చిన్న గుండు పోతుంది. చిన్న రంధ్రంలోంచి పెద్ద గుండు పోదు, లోపలి పలకలను పగలగొడుతుంది. ఇంత తేలిక సూత్రంలోనూ పేర్లు గందరగోళం చేస్తాయి. .30 రైఫిల్ సప్రెసర్ పెద్దదిలా అనిపిస్తుంది గానీ .30 గుండు మందం .308 అంగుళాలు, 9 ఎంఎం గుండుది .355. రైఫిల్‌ది కదా అని .30 సప్రెసర్‌ను 9 ఎంఎంకు బిగిస్తే మొదటి తూటాకే పోతుంది. ఒహాయో, అయోవా లాంటి చోట్ల జింకల వేటకు వాడే .350 లెజెండ్ కూడా రైఫిల్ తూటాయే, గుండు మాత్రం 9 ఎంఎం అంత లావు.

ఒత్తిడి రెండో లెక్క. .22 తూటా గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు, 9 ఎంఎంకు 35,000, .223కు (5.56 దాదాపు ఇదే) 55,000, .308కు 62,000. .22 గుండు, .223 గుండు మందంలో దాదాపు ఒకటే కాబట్టి .22 సప్రెసర్‌లోంచి .223 గుండు దూరిపోతుంది. కానీ ఆ వాయువును అది తట్టుకోలేదు. పైగా బ్యారెల్ పొట్టిదైతే మందు ఇంకా మండుతుండగానే వాయువు బయటికొస్తుంది కాబట్టి సప్రెసర్ మీద భారం పెరుగుతుంది. ఏ తూటాకు కనీసం ఎంత పొడవు బ్యారెల్ ఉండాలో తయారీదారు రాస్తారు. కొనేముందు చదవాల్సిన మొదటి వాక్యం అదే.

అసలు ప్రమాదం మరల్లో ఉంది. అమెరికాలో .22, 9 ఎంఎం, 5.56 మూడింటికీ అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్ల మరలే సర్వసాధారణం. అంటే ఒకదాని సప్రెసర్ ఇంకోదానికి చక్కగా బిగుసుకుంటుంది, తప్పు చేస్తున్నామన్న హెచ్చరికే ఉండదు. .30 రైఫిళ్లకు మామూలుగా ఐదెనిమిదో వంతుల అంగుళం, 24 చుట్లు. యూరప్ పిస్తోళ్లు కొన్నింటికి ఎడమ చేతివాటం మరలుంటాయి. ఇంట్లో రెండు రకాల తుపాకులుంటే సప్రెసర్ మీద రంగు టేపు చుట్టి గుర్తు పెట్టుకోవడం పది పైసల ఖర్చు. అలైన్‌మెంట్ రాడ్ అనే నిటారు కడ్డీని బ్యారెల్‌లో దూర్చి, అది సప్రెసర్ రంధ్రం మధ్యలోంచి వస్తుందో లేదో చూడటం మరో మంచి అలవాటు.

తూటాను బట్టి ఎంపిక

.22 రిమ్‌ఫైర్‌ను మొదటి సప్రెసర్‌గా చాలామంది సూచించడంలో న్యాయం ఉంది. 200 నుంచి 450 డాలర్లలో దొరుకుతుంది, బరువు ఎక్కువగా ఏడు ఔన్సుల లోపే. సబ్‌సోనిక్ తూటా చవక. సినిమాలో విన్న శబ్దానికి నిజంగా దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. దీనికున్న గొడవ సీసం. .22 గుండుకు ఎక్కువగా రాగి తొడుగు ఉండదు కాబట్టి వందల తూటాలకే లోపల సీసం, మసి పేరుకుంటాయి. అందుకే విప్పి కడుక్కునే రకమే కొనాలి. ఇందులో అల్యూమినియం పలకలు తేలిక, చవక, కానీ గట్టిగా గీకితే అరిగిపోతాయి. స్టీలు పలకలు కాస్త బరువైనా ఏళ్ల తరబడి కడుగుడుకు నిలుస్తాయి. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి నానబెట్టే చిట్కా ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. అందులో సీసం కరిగి లెడ్ ఎసిటేట్ అవుతుంది, అది చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్లే విషం. వంటింటి సింకులో చేయకూడని పని.

రైఫిల్ విషయంలో 5.56కే అంకితమైన సప్రెసర్ కొనాలా, .30 కొని రెండింటికీ వాడాలా అన్నది పెద్ద ప్రశ్న. .30 సప్రెసర్‌ను 5.56కు పెడితే రంధ్రం కాస్త పెద్దది కాబట్టి కొన్ని డెసిబెల్స్ పోతాయి, చెవికి తేడా పెద్దగా తెలియదు. బదులుగా .243, 6.5 క్రీడ్‌మూర్, .270, .300 బ్లాకౌట్, .308 దాకా అన్నీ దారిలోకొస్తాయి. ఒక్క ఏఆర్ తప్ప మరేదీ కొనే ఉద్దేశం లేనివారికి 5.56ది పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది. మిగతా అందరికీ .30 మేలు. చవక శ్రేణివి 500 డాలర్ల ప్రాంతం నుంచి మొదలవుతాయి.

ఏఆర్ లాంటి సెమీ ఆటోమేటిక్‌కు బిగిస్తే వాయువు కొంత వెనక్కి తన్ని కాల్చేవారి ముఖానికి తగులుతుంది, లోపల మసి త్వరగా పేరుకుంటుంది. వెనక్కి వచ్చే వాయువును సర్దుకునే అడ్జస్టబుల్ గ్యాస్ బ్లాక్ దీన్ని తగ్గిస్తుంది. ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగే బోల్ట్ యాక్షన్ వేట రైఫిల్‌కు ఈ బాధ లేదు. రోజుకు నాలుగు తూటాలు కాల్చే వేటగాడికి తేలికైన టైటానియం బాగుంటుంది. మ్యాగజైన్లు మ్యాగజైన్లు ఖాళీ చేసేవారి వేడికి మాత్రం అది అరుగుతుంది, వారికి స్టీలు, వేడిని తట్టుకునే ఇంకొనెల్ అనే నికెల్ మిశ్రమం నయం. అదే సప్రెసర్ అయినా మనిషిని బట్టి మంచిదీ చెడ్డదీ అవుతుంది.

.300 బ్లాకౌట్ గురించి ఒక్క మాట. సప్రెసర్‌ను దృష్టిలో పెట్టుకునే పుట్టిన తూటా ఇది. సబ్‌సోనిక్‌లో వెయ్యి అడుగుల ప్రాంతంలో బరువైన గుండు పంపుతుంది. ఏఆర్ మ్యాగజైన్‌లోనే ఇముడుతుంది. అదే ప్రమాదం కూడా: 5.56 తుపాకీలోకి గానీ, 5.56 సప్రెసర్ బిగించిన తుపాకీలోకి గానీ ఈ తూటా పొరపాటున వెళ్లకూడదు.

పిస్తోలు సప్రెసర్ పైకి తేలిగ్గా కనిపిస్తుంది. కానీ చాలా 9 ఎంఎం, .45 పిస్తోళ్లలో కాల్చినప్పుడు బ్యారెల్ కిందికి వాలుతుంది. మూతికి బరువు తగిలిస్తే ఆ కదలిక ఆగి తుపాకీ ఇరుక్కుంటుంది. దానికి బూస్టర్ అనే స్ప్రింగు భాగం కావాలి, మరల కొలతకు తగ్గ పిస్టన్ కావాలి. మరలున్న కొత్త బ్యారెల్‌కు 150 నుంచి 250 డాలర్లు. సప్రెసర్ గురి చూసే సైట్లకు అడ్డమొస్తే ఎత్తు సైట్లు మరో ఖర్చు. 9 ఎంఎం కార్బైన్ (పొట్టి రైఫిల్) ఉన్నవారికి ఈ బాధల్లో సగం ఉండవు. .45 సప్రెసర్ కొంటే 9 ఎంఎంకూ పనికొస్తుంది, లావు, బరువు భరించాలి.

ఇక అన్నిటికీ ఒక్కటే అనే రకం. సైలెన్సర్‌కో హైబ్రిడ్ 46 లాంటివి పిస్తోలు నుంచి పెద్ద రైఫిల్ దాకా పనికొస్తాయి. ఆ ధరకు దాదాపు ఒక చవక .22, ఒక చవక .30 కలిపి వస్తాయి. పైగా .22కు వాడితే సీసం పేరుకుంటుంది, లోపలి భాగాలు విప్పడం కుదరని రకమైతే శుభ్రం చేయలేం. పన్ను 200 ఉన్న రోజుల్లో ‘ఒక్కటి కొని అన్నిటికీ వాడు’ అన్న సలహా లెక్కకు నిలిచేది, రెండు కొంటే రెండు పన్నులు కాబట్టి. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. తలా ఒక పనికి తలా ఒక చవక సప్రెసర్ అన్నదే ఇప్పుడు గిట్టుబాటు.

ధర చీటీ మీద లేనివి

బ్యారెల్‌కు మరలు లేకపోతే గన్‌స్మిత్ దగ్గర వేయించాలి, వంద డాలర్ల పైమాటే. త్వరగా బిగించి తీసే మౌంట్లు తుపాకీకొకటి చొప్పున కొనాలి. ఇప్పుడు చాలా కంపెనీలు 1.375 అంగుళాల, 24 చుట్ల మరల హబ్ అనే ఉమ్మడి కొలతకు వచ్చాయి. ఆ రకం కొంటే ఏ కంపెనీ మౌంటైనా పడుతుంది. వారంటీ కూడా ధరలో భాగమే. లోపలి పలక ఒక్కటి పోయినా ఇంట్లో మార్చుకోకూడదు, విడి పలకలు దగ్గర పెట్టుకోకూడదు. లైసెన్సున్న తయారీదారుకే పంపాలి. పొరపాటున గుండు పలకను తాకినా బాగుచేసిస్తామన్న కంపెనీ వంద ఎక్కువ అడిగినా నష్టం లేదు.

అన్నిటికన్నా చవకగా కనిపించేవి ఆన్‌లైన్‌లో ‘సాల్వెంట్ ట్రాప్’ పేరుతో అమ్మే క్లీనింగ్ కిట్లు. తుపాకీ కడిగే ద్రవం పట్టడానికంటారు. సైలెన్సర్‌లో వాడటానికే ఉద్దేశించిన విడిభాగం కూడా చట్టం దృష్టిలో సైలెన్సరే. రిజిస్టర్ కాని సైలెన్సర్ దగ్గరుంటే పదేళ్ల దాకా జైలు. ఇటువంటి కిట్లతో వచ్చిన దరఖాస్తులను 2022లో ఏటీఎఫ్ పెద్ద ఎత్తున తిరస్కరించింది కూడా.

వీసా, ట్రస్టు, ఇల్లు మారడం

డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల షూటింగ్ రేంజ్‌లకు వెళ్లే తెలుగువారు తక్కువేం కాదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ చట్టం నిర్వచనంలో సైలెన్సర్ కూడా ‘ఫైర్‌ఆర్మ్’ కిందికే వస్తుంది. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు, కానీ ఆయుధ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారినీ దేశం నుంచి పంపేయవచ్చు.

సొంత పేరు మీద రిజిస్టర్ చేయిస్తే అది ఆ ఒక్కరిదే. ఆయన సంక్రాంతికి ఊరొచ్చి నెల్లాళ్లు ఉంటే, సేఫ్ తాళం భార్య దగ్గరుండటం కూడా చిక్కే. గన్ ట్రస్టు, అంటే ఆయుధాలను ఉమ్మడిగా ఉంచుకోవడానికి చట్టబద్ధంగా పెట్టుకునే ట్రస్టు, పేరుతో రిజిస్టర్ చేయిస్తే అందులో ఉన్న వాళ్లందరూ వాడుకోవచ్చు, ఈ ఇబ్బంది తప్పుతుంది. ప్రతి బాధ్యుడూ వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలన్నది 2016 జులై నుంచి ఉన్న నియమం. వీసా మీద ఉన్న భార్యను ట్రస్టులో చేరిస్తే పై పేరాలోని సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ప్రాజెక్టు మారి టెక్సస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కో కాలిఫోర్నియాలోని శాన్ హోసేకో ఇల్లు మారితే సప్రెసర్ వెంట రాకూడదు. అనుమతి ఉన్న రాష్ట్రంలోనే వదలాలి లేదా అమ్మేయాలి. ఇండియాకు తేవడం అసలే కుదరదు. ఎగుమతి లైసెన్సు లేకుండా అది అమెరికా దాటకూడదు, ఇక్కడ దిగితే 1959 ఆయుధ చట్టం ఉంది.

ముందు ఏం జరగవచ్చు

1937లో అమెరికా సుప్రీంకోర్టు 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్‌ను సమర్థించింది పన్ను వేసే అధికారం కింద. ఇప్పుడు పన్నే సున్నా అయ్యాక రిజిస్ట్రేషన్‌కు ఆధారం ఏమిటని 2025లోనే కోర్టుల్లో కేసులు పడ్డాయి. ఆ వాదన నెగ్గితే సప్రెసర్ మామూలు తుపాకీలాగే చేతులు మారుతుంది, సెకండ్ హ్యాండ్ మార్కెట్ పెరుగుతుంది, తొలిసారి తప్పు కొన్నా నష్టం తక్కువే. నెగ్గకపోతే ఇప్పటి పద్ధతే. కోర్టు తీర్పు ఎలా ఉన్నా ఆ ఎనిమిది రాష్ట్రాల సొంత నిషేధాలు వాటంతటవే పోవు.